కట్టుడు పండ్ల పీఠమున వెండి నలుసులు

గత మాసమున మా సంఘ కార్యాలయమునకు ఒక వృద్ధ సభ్యుడు అప్పు దరఖాస్తుతో వచ్చెను. ఎరువులకు గాదు, విత్తనములకు గాదు, పండ్లకు. డెబ్బదియేండ్లు దాటిన ఆ పెద్దమనిషికి పై పండ్లన్నియు ఊడి ఆఱు సంవత్సరములైనది. అప్పుడు పట్టణమున కట్టించుకొన్న సెట్టు ఇప్పుడు పెట్టుకొన్నంతనే అంగిలి మండుచున్నదనియు, కారము తగిలిన కన్నీళ్లు వచ్చుచున్నవనియు, జొన్నరొట్టె మానివేసి జావతో గడుపుచున్నాననియు చెప్పెను. ఇంతలో నొక దళారి ఆయనను పట్టుకొని, "వెండి నానో కలిపిన కొత్తరకం సెట్టు వచ్చింది బాబాయిగారూ, దానికి క్రిములు పట్టవు, కడగనక్కరలేదు" అని నమ్మబలికి, మామూలు ధరకంటె సగము హెచ్చుగా అడిగెనట. "ఏమంటావయ్యా, తీసుకోమంటావా?" అని ఆయన నన్నడిగెను. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు. పదునైదు దినములు గడువడిగితిని. ఆ గడువులో దంతవైద్యులతో మాటలాడియు, ఈ విషయమై వెలువడిన పరిశోధనలను చదివియు గ్రహించిన సంగతులను, అట్టి ప్రశ్న మఱికొందఱు సభ్యుల యిండ్లకును రాగలదని తలంచి, ఇచట వ్రాయుచున్నాను.

నానో యను మాట మన సంఘములకు కొత్తది గాదు. 2021వ సంవత్సరమున ఇఫ్కో సహకార సంస్థ ద్రవరూపమగు నానో యూరియాను అరలీటరు సీసాలలో విడుదల చేసిననాటి నుండియు ఆ మాట మన ఎరువుల గిడ్డంగులలో వినబడుచునే యున్నది. ఒక సీసా ఒక బస్తాకు సాటియగునా కాదా యని నడిచిన వాదమును ఇచట తిరుగదోడను. మాటకు అర్థము మాత్రము చెప్పుకొందము. మీటరును నూరుకోట్ల భాగములు చేసినచో అందొక భాగము నానోమీటరు. మనిషి తలవెండ్రుక మందము సుమారు ఎనుబదివేల నానోమీటర్లుండును. ఒకటి మొదలు నూరు నానోమీటర్ల వఱకు పరిమాణముగల నలుసులను నానో నలుసులందురు. కంటికి గాని, పాఠశాలలలోని సూక్ష్మదర్శినికి గాని అవి చిక్కవు.

ఇక పీఠమనగా నేమి? పండ్ల సెట్టులో తెల్లగా కనబడు పండ్లు ఒక భాగము. వానిని పట్టియుంచి చిగుళ్లమీదను అంగిలిమీదను కూర్చుండు గులాబిరంగు పళ్లెము రెండవ భాగము. ఈ పళ్లెమునే పీఠమందురు. నమలునప్పటి ఒత్తిడికి ఓర్వవలసినది ఇదియే. వ్యాధి వచ్చినను దీని క్రిందనే వచ్చును.

పందొమ్మిదవ శతాబ్దమున గంధకము కలిపి కాచిన గట్టిరబ్బరుతో ఈ పీఠములు చేయుచుండిరి. 1864లో ఆ పద్ధతికి అమెరికాలో పేటెంటు పుట్టినది. దానిని చేజిక్కించుకొన్న కంపెనీ దంతవైద్యుల యొద్దనెల్ల లైసెన్సు రుసుము వసూలు చేయుచు, చెల్లింపనివారిపై వ్యాజ్యములు వేయుచు వచ్చెను. తుదకు ఆ కంపెనీ కోశాధికారియగు జోసయా బేకను 1879లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున ఒక దంతవైద్యుని తుపాకిదెబ్బకు మరణించెను. 1881లో పేటెంటు గడువు తీరినపిదపగాని ఆ రగడ చల్లారలేదు. ముసలివారి పండ్ల వెనుక ఎంత వ్యాపారమున్నదో తెలుపుటకే ఈ ముచ్చట చెప్పితిని. ఇక విషయమునకు వత్తము.

1937 ప్రాంతమున ఆక్రిలిక్ అను పదార్థము వచ్చి రబ్బరును వెడలగొట్టినది. నేటికిని మన పల్లెలలోని పండ్ల సెట్లు చాలవఱకు దీనితో చేసినవే. మూడు పాళ్లు పొడి, ఒక పాలు ద్రవము కలిపినచో రొట్టెపిండివంటి ముద్ద యగును. ఆ ముద్దను జిప్సము అచ్చులో ఒత్తి, సుమారు 74 డిగ్రీల వేడినీటిలో ఎనిమిది గంటలకు పైగా నుంచిన అది గట్టిపడును. ఇది తేలిక, చవుక, రంగు చిగుళ్ల రంగునకు సరిపోవును, విఱిగిన అతికింపవచ్చును. ఇన్ని గుణములున్నను మూడు దోషములు దీనిని విడువలేదు. ఇది మెల్లమెల్లగా నీటిని పీల్చుకొనును. లోపల సూదిమొనకంటె సన్నని రంధ్రములు మిగిలిపోవచ్చును. తేలికగా గీతలు పడును.

చెఱువు రేవున మెట్లను చూచిన వారికి తక్కిన కథ చెప్పనక్కరలేదు. నునుపైన నాపరాతికంటె గరుకు రాతికి పాచి ముందు పట్టును. పీఠమునకును అంతియే. పై తట్టును వైద్యులు అద్దమువలె మెఱుగుపెట్టుదురు గాని, అంగిలికి ఆనుకొను లోతట్టును మెఱుగుపెట్టరు. పెట్టినచో అచ్చు చెడి సెట్టు వదులగును. కావున క్రిములు ముందుగా కాపురముండునది ఆ లోతట్టుననే. ఉపరితలపు గరుకుదనము 200 నానోమీటర్లకు దిగువనున్నంతవఱకు పాచి పట్టుటలో చెప్పుకోదగిన భేదముండదనియు, ఆ హద్దు మీఱిన కొలదిని పాచి హెచ్చుననియు పరిశోధకులు నిర్ణయించియున్నారు. ఇచట మన యిండ్లలోని ఒక అలవాటును చెప్పక తప్పదు. ఇత్తడి చెంబును తోమినట్లు పండ్ల సెట్టును బూడిదతోను, ఇటుకపొడితోను, కొబ్బరిపీచుతోను తోముచున్నారు. కోడండ్రు శుభ్రతకొఱకే ఆ పని చేయుదురు. కాని ప్రతి తోముడుకును పీఠముపై వేలకొలది గీతలు పడును. ఆ గీతలే మఱునాటి పాచికి నాగటిచాళ్లు.

ఆ పాచిలో ఉండు జీవులు అనేకము. వానిలో ముఖ్యమైనది కాండిడా యను శిలీంధ్రము. పైరులకు తెగుళ్లు తెచ్చు బూజుల జాతికి చుట్టమే. ఇది ఆరోగ్యవంతుల నోటిలోను కొంచెముగా నుండి ఏ బాధయు కలిగింపదు. అయితే పీఠము క్రింద గాలి సోకదు, లాలాజలము పాఱదు. వెచ్చదనమును, చక్కెరయు, పిండిపదార్థమును దొరకును. అట్టి తావున ఈ శిలీంధ్రము గుండ్రని రూపము విడిచి పోగులు సాచి, అంగిలి చర్మములోనికి చొచ్చుకొనిపోవును. అప్పుడు పీఠము కప్పినంతమేర అంగిలి ఎఱ్ఱబాఱును. కొందఱికి మంట, కొందఱికి పెదవుల మూలలు పగులుట. చాలమందికి ఏ బాధయు తెలియనే తెలియదు. కట్టుడు పండ్లవారిలో ఈ వ్యాధి నూటికి 15 మొదలు 70కి పైబడి కనబడినదని వేర్వేఱు దేశముల లెక్కలు చెప్పుచున్నవి. మధుమేహము గలవారికిని, పొగ త్రాగువారికిని, నోరెండిపోవు మందులు వాడువారికిని ఇది హెచ్చు. అన్నిటికంటె పెద్ద కారణము రాత్రివేళ సెట్టు తీయకుండుట.

అంగిలి మంటతో పోవు వ్యాధియైనచో నేనింత వ్రాయకుందును. టోకియో నగరమున 85 ఏండ్లు దాటిన 524 మంది వృద్ధులను మూడేండ్లపాటు కనిపెట్టియుండి 2015లో ఒక పరిశోధన ప్రకటించిరి. సెట్టు తీయకయే నిద్రించువారికి న్యుమోనియా వలన ఆసుపత్రి పాలగుట గాని మరణించుట గాని, తీసి నిద్రించువారికంటె రెండింతలకు పైగా నుండెను. ముసలివారు నిద్రలో తమకు తెలియకయే ఉమ్మిని ఊపిరితిత్తులలోనికి పీల్చుకొందురు; ఆ ఉమ్మితో కూడ పీఠము మీది పాచియు పోవునని వైద్యులు భావించుచున్నారు. ఈ కారణముచేతనే, పాచిపట్టని పీఠమును చేయుట యెట్లని ప్రపంచమున పలుచోట్ల పరిశోధకులు శ్రమించుచున్నారు. దళారి చెప్పిన మాట పూర్తిగా గాలిలో పుట్టినది గాదు. దాని వెనుక నిజమైన ప్రయత్నమున్నది.

వెండికి క్రిములను చంపు శక్తి గలదని మానవులు చిరకాలమునుండి యెఱుగుదురు. 1880లో జర్మనీ దేశపు లైప్‌జిగ్ నగరమున క్రేడే యను వైద్యుడు పుట్టిన బిడ్డల కన్నులలో వెండి లవణపు నీటిబొట్టు వేసి, తల్లినుండి సోకు రోగముచే బిడ్డలు గ్రుడ్డివారగుటను చాలవఱకు ఆపగలిగెను. వెండి ముద్ద క్రిములను చంపదు. వెండినుండి తడిలో విడివడు అయానులు చంపును. అవి క్రిమి దేహపు పైపొరను చెఱచి, లోపల గంధకముగల మాంసకృత్తులను పట్టుకొని వాని పనిని స్తంభింపజేయును. మన రైతులకు ఇది చిరపరిచితమైన ఉపాయము. ఫ్రాన్సు దేశమున ద్రాక్షతోటల వారు దారిప్రక్క తీగెలకు దొంగలు చేయి వేయకుండ మైలుతుత్తము, సున్నము కలిపి చల్లగా, ఆ తీగెలకు తెగులు సోకకుండుట మిలార్డే యను శాస్త్రజ్ఞుడు గమనించి 1885లో ప్రకటించిన మందే మనము నిమ్మతోటలకును తమలపాకు తోటలకును కొట్టు బోర్డో మిశ్రమము. అందు రాగి చేయు పనినే ఇందు వెండి చేయును.

నలుసులుగా చేయుట యెందుకనగా, పని జరుగునది ఉపరితలము మీదనే గనుక. సెంటీమీటరు భుజముగల వెండి ఘనము ఒకటి తీసికొనుడు. దాని తూకము తులమునకు కొంచెము తక్కువ. ఆఱు ముఖములు కలిపి ఉపరితలము 6 చదరపు సెంటీమీటర్లు. ఆ ఘనమునే 10 నానోమీటర్ల భుజముగల నలుసులుగా కోసినచో, అదే వెండి ఉపరితలము 600 చదరపు మీటర్లగును. మన లెక్కలో సుమారు 15 సెంట్ల నేల! తులమునకు తక్కువ వెండితో పదునైదు సెంట్ల పొలము కప్పినట్లు. ఈ గణితమే శాస్త్రజ్ఞులకు ఆశ కలిగించినది.

కలుపు పద్ధతులు రెండు. వెండి నలుసులను పొడిలోనైనను కలుపుదురు, ద్రవములోనైనను కలుపుదురు; తక్కిన పని మామూలే. కాని చిక్కు ఇచటనే మొదలగును. మైదాలో ఉప్పు కలిపినట్లు అవి సులభముగా కలియవు. నలుసులు ఒకదానినొకటి అంటుకొని గడ్డలు కట్టును. గడ్డకట్టినచోట పదునైదు సెంట్లును పోయి మరల గుప్పెడు నేల మిగులును. పైగా ఆ గడ్డయున్నచోటనే పీఠము బీటవాఱును. పీఠపు పదార్థమును వంచినప్పుడు విఱుగక ఓర్వవలసిన బలము 65 మెగాపాస్కళ్లకు తగ్గరాదని అంతర్జాతీయ ప్రమాణము. కొంచెము వెండి కలిపిన పీఠములు ఆ పరీక్షలో నిలిచినవి. హెచ్చు కలిపినకొలది బలము తగ్గినట్లు పలువురు చూచిరి. రంగు మాటయు నున్నది. వెండి హెచ్చినచో గులాబిరంగు గోధుమరంగునకు తిరుగును. నవ్వినప్పుడు చిగురు కుళ్లినట్లు కనబడు సెట్టును ఎవరు పెట్టుకొందురు?

ఇక అసలు ప్రశ్న: పాచి పట్టదా? 2012వ సంవత్సరము ఈ విషయమున చెప్పుకోదగినది. ఆ యేట మెక్సికో దేశపు పరిశోధకులు వెండి నలుసులు కలిపిన ఆక్రిలిక్ మీద కాండిడా తక్కువగా అంటుకొన్నదనియు, ఆ పదార్థము తాము పరీక్షించిన జీవకణములకు హాని చేయలేదనియు ప్రకటించిరి. ఆ యేటనే బ్రెజిలు దేశపు పరిశోధకులు మఱియొక ఫలితము ప్రకటించిరి. వారి వెండి నలుసుల నీరు కాండిడాను చంపినది. కాని ఆ నలుసులనే ఆక్రిలిక్‌లో కలిపి గట్టిపఱచినపిదప, కాండిడా అంటుకొనుట గాని పాచి కట్టుట గాని తగ్గలేదు. బ్రెజిలులోనే మఱికొందఱు వెండి కలిపిన పీఠపు ముక్కలను నీటిలో 120 దినములుంచి, ఆ నీటిని పరీక్షింపగా వెండి జాడ కనబడలేదు.

ఈ మూడును ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో నాకు తోచినది వ్రాయుచున్నాను. వెండి క్రిమిని చంపవలెనన్న పీఠమునుండి అయానులుగా బయటికి రావలయును. ఆక్రిలిక్‌లో లోతుగా కూరుకొనిపోయిన నలుసు, పాతరలోని ధాన్యమువలె, ఉన్నదేగాని ఆకలి తీర్చదు. ఉపరితలమున బయటపడియున్న నలుసు ఒక్కటే పని చేయును. సరే, వెండి బాగుగా బయటికి వచ్చునట్లు చేసితిమనుకొందము. అప్పుడది కొంతకాలమునకు అయిపోవును. వచ్చినంత వెండిని ఆ ముసలివాడు మ్రింగును. వెండి చిరకాలము లోనికి పోయినచో చర్మము నీలిబూడిద రంగు తిరుగు వ్యాధి యొకటి కలదు. ఒకసారి వచ్చిన ఆ రంగు పోదు. పీఠములలో కలుపు కొలది వెండితో అది వచ్చునని నేననను. కాని బయటికి రాకున్న పని లేదు, వచ్చిన నిలువదు అను ఈ చిక్కు, ప్రకటనలలో ఎచటను కనబడని చిక్కు.

ఇంకొకటి. ఈ పరీక్షలలో చాల భాగము కాసంత బిళ్లలపై, గాజుపాత్రలలో, కొన్ని గంటలో దినములో జరిగినవి. నోరు గాజుపాత్ర గాదు. సెట్టు నోటిలో పెట్టిన కొన్ని నిమిషములలోనే లాలాజలపు మాంసకృత్తులు దానిపై పలుచని పొరగా పేరుకొనును. ఆ పొర వెండికిని క్రిమికిని నడుమ తెరయగును. లాలాజలమున ఉప్పు కలదు. ఆ ఉప్పు వెండి అయానులను పట్టి కరుగని లవణముగా మార్చును. గాజుపాత్రలో గెలిచిన పదార్థము చింతపండు పులుసు, పచ్చిమిరప, చుట్టపొగ, వేడికాఫీల నడుమ అయిదేండ్లు ఎట్లుండునో తెలుపు దీర్ఘకాలపు పరీక్షలు, మనుష్యుల నోళ్లలో జరిగినవి, బహు తక్కువ. విత్తన కంపెనీ తన కుండీలో పండించి చూపిన వంగడమును మన చేనిలో పండకుండ ఎవడైన నమ్మునా?

క్రిములును ఊరకుండవు. 1975లో అమెరికా దేశపు బోస్టను నగరమున, కాలిన గాయములకు వెండి లవణము పూయుచున్న ఒక ఆసుపత్రి విభాగములో ఆ వెండికే లొంగని సాల్మొనెల్లా క్రిమి పుట్టినట్లు వైద్యులు వ్రాసిరి. ఒకే పురుగుమందును ఏటేట కొట్టిన ప్రత్తిచేలలో జరిగిన సంగతి మనకు కొత్త గాదు.

వెండిని విడిచి తక్కిన నలుసులను పట్టినవారును గలరు. పోలెండు దేశపు పరిశోధకులు జింకు ఆక్సైడు కలిపి చూచిరి. కాండిడాపై అది పని చేసినట్లు కనుగొనిరి. వరిచేనికి జింకు లోపము వచ్చిన మనము చల్లు జింకు సల్ఫేటునకు ఇది బంధువే, వెండికంటె చవుక, తెల్లనిది గనుక నల్లబాఱు భయము లేదు. టైటానియం డయాక్సైడు కథ వేఱు. దానికి క్రిములను చంపు శక్తి అతినీలలోహిత కాంతి సోకినప్పుడే పూర్తిగా మేల్కొనును. నోరు చీకటి కొట్టు! సెట్టును తీసి వెలుగులో పెట్టినప్పుడే అది పని చేయును. అట్లు తీసి పెట్టువాడు కడుగుకొననే కడుగుకొనును. అదే పదార్థమును ఆహారములో తెలుపురంగుకొఱకు కలుపుటను ఐరోపా సమాఖ్య 2022లో నిషేధించినది. పీఠములో బిగిసియున్నది వేఱు, తినునది వేఱు అయినను, అమ్ముటకు ముందు విచారింపవలసిన విషయమే. రొయ్య పెంకులనుండి తీయు కైటోసాను నలుసులపైనను ప్రయోగములు జరుగుచున్నవి. రొయ్యల సాగులో దేశమున ముందున్నది మన ఆంధ్ర తీరమే గనుక, అది ఫలించిన పారవేయు పెంకునకు విలువ వచ్చును. ఇప్పటికది ఆశ మాత్రమే.

కావున వెండి సెట్టు అమ్మవచ్చినవానిని మన సభ్యులు అడుగవలసినది ఇది. ఈ పదార్థము మనుష్యుల నోటిలో ఎన్ని నెలలు పరీక్షింపబడినది, బిళ్లలమీద గాదు? వెండి ఎంత కలిపిరి, దాని బలము ప్రమాణమునకు తగియున్నదని వ్రాతమూలముగా చూపగలరా? ఒక యేడాది వాడిన పిదప దాని శక్తి ఎంత మిగులును? ఈ మూటికిని కాగితముపై జవాబు దొరకనిచో హెచ్చు సొమ్ము ఇయ్యనక్కరలేదు. దొరికినను, "కడగనక్కరలేదు" అను మాటను మాత్రము నమ్మరాదు. నేను చదివిన ఏ పరిశోధకుడును ఆ మాట వ్రాయలేదు. వారు కోరునది కడుగుటకు తోడుగా నుండు పీఠమును గాని, కడుగుటకు బదులు పీఠమును గాదు.

ఇంతలో చేయదగిన పని సులభము, దాదాపు ఖర్చులేనిది. రాత్రి పండుకొనుటకు ముందు సెట్టు తీయవలయును. క్రింద గిన్నెలో నీరు పోసికొని దానిపై కడుగవలయును, చేజారినను విఱుగదు. మెత్తని బ్రష్షుతో, ఒంటిసబ్బు నురుగుతో, లోతట్టు ముఖ్యముగా రుద్దవలయును. పండ్లపొడి వలదు, బూడిద వలదు, పీచు వలదు. మరుగునీరు పోసినచో పీఠము వంకరపోవును. పిమ్మట అది ఏ నోటికిని పట్టదు. కడిగిన సెట్టును మూతగల పాత్రలో చన్నీటిలో మునుగునట్లుంచవలయును. అంగిలిని, చిగుళ్లను, నాలుకను తడిగుడ్డతో తుడువవలయును. మందుల దుకాణములలో దొరకు సెట్టు శుభ్రపఱచు బిళ్లలను వాడినచో గ్లాసులోని నీటిలో వేసియే వాడవలయును, నోటిలో వేసికొనరాదు. బ్లీచింగు ద్రవములో నానబెట్టుట మంచిదని వినినవారు అది పది నిమిషములకు మించరాదనియు, లోహపు కొక్కెములున్న సెట్టునకు పనికిరాదనియు తెలిసికొనవలయును. 2011లో అమెరికా దేశపు దంతవైద్యులు ప్రకటించిన నియమములలో పది నిమిషముల హద్దును, మరుగునీటి నిషేధమును, రాత్రింబవళ్లు సెట్టు పెట్టుకొనరాదన్న మాటయు కలవు. బావులకు వేయు బ్లీచింగు పొడిని అందాజుగా కలిపి వాడుట మాత్రము వలదు.

అంగిలి ఎఱ్ఱబాఱినవారు వైద్యునికి చూపించిన నిస్టాటిన్, మైకొనజోల్ వంటి మందులు వ్రాయుదురు. సెట్టును శుద్ధిచేయక నోటికి మాత్రమే మందు వాడిన వ్యాధి తిరిగి వచ్చును; విత్తనశుద్ధి లేక పైరుకు మందు కొట్టినట్లు. గుండెజబ్బునకు వార్ఫరిన్ వాడువారు ఆ సంగతిని ముందుగా చెప్పితీరవలయును, ఏలయన మైకొనజోల్‌తో కూడినప్పుడు రక్తస్రావము కలుగవచ్చును. మఱియు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల స్త్రీలలో అడ్డపొగ త్రాగు అలవాటు గలదు. నిప్పుతట్టును నోటిలోపల పెట్టుకొందురు. అట్టివారి అంగిలిపై ఎఱ్ఱని గాని తెల్లని గాని మచ్చ కనబడినచో, అది సెట్టు వలన వచ్చినదని సరిపెట్టుకొనరాదు. అది కాన్సరునకు ముందు గుర్తు కావచ్చును. ఆలస్యము చేయక చూపింపవలయును. హైదరాబాదు, విజయవాడ, కడప నగరములలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలలు గలవు.

మా వృద్ధ సభ్యుని సంగతి ముగించెదను. ఆయనను వెంటబెట్టుకొని వెళ్లితిని. వైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న రాత్రి తీయుదురా అని. ఆఱేండ్లలో ఒక్క రాత్రియు తీయలేదని ఆయన గర్వముతో చెప్పెను. ఊడిన నోటితో మనుమలకు కనబడుట ఆయనకు సిగ్గట. అంగిలి చూడగా పీఠపు అంచు గీచినట్లు ఎఱ్ఱని హద్దు కనబడెను. మందు వ్రాసి, వాచిన అంగిలిపై అచ్చు తీసినచో క్రొత్త సెట్టు సరిగా కూర్చుండదనియు, మానినపిదపనే రమ్మనియు ఆమె చెప్పెను. మూడు వారములు పగలు కొంతసేపే సెట్టు పెట్టుకొని, రాత్రులు తీసి నీటిలో వేసిన మీదట ఎఱ్ఱదనము తగ్గి అచ్చు తీసిరి. క్రొత్త సెట్టు మామూలు ఆక్రిలిక్‌దే. అప్పు దరఖాస్తును తగ్గించిన మొత్తమునకు తిరిగి వ్రాయించితిమి. పాలకవర్గము మంజూరు చేసినది. మొన్న సంతలో కనబడి, జొన్నరొట్టె తినుచున్నాననియు, రాత్రివేళ తలుపు దగ్గఱగా వేసికొని సెట్టు తీయుచున్నాననియు నాతో చెప్పెను.